గుల్లలను గుర్తించు నేర్పు

ఇందుకూరుపేట మండలమందలి మైపాడు తీరమున, అల వెనుదీసిన తడియిసుకపై వంగి, గుల్లలనేరి, మంచినీట కడిగి, వాని జాతిని నిర్ణయించువారి నేర్పు మిక్కిలి ప్రశంసింపదగినది. ఎండకు రంగు వెలసిపోవును గనుక వారు వర్ణమును నమ్మక రూపమునే పరిశీలింతురు. రెండు చిప్పలను కలుపు కీలుకడ పండ్లెట్లున్నవో, ముక్కు ఏ వైపునకు వంగినదో, వీపుపై గీతలు అడ్డముగా సాగినవో నిలువుగా సాగినవో వ్రేలికొనతో తడవి చూతురు. నత్తగుల్లయైనచో కొనను మీదికి నిలిపి, నోరు కుడిప్రక్కనున్నదో ఎడమప్రక్కనున్నదో గమనించి, చుట్లు లెక్కింతురు. చిప్పపై నున్నని గుండ్రని రంధ్రము కనబడినచో, వేటాడు నత్త యొకటి దానిని తొలిచి లోని జీవిని భక్షించియుండునని గ్రహింతురు. సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ముగిసిన పురాజీవ మహాయుగపు సముద్రశిలాజములను గుర్తించు పండితునకును ఆధారములు ఇట్టివే: ఒక్క చిప్పనే నడిమికి విభజించి చూచినపుడు రెండు ప్రక్కలును సమానముగానున్నచో, అది ఆల్చిప్పల కోవకు చెందక, సాధారణముగా బ్రాకియోపాడ్ అను వేఱొక జీవిదై యుండును. ఇందులకు కావలసిన సామగ్రి స్వల్పము. మెత్తని కుంచె, భూతద్దము, దొరకిన చోటును దినమును వ్రాసిన చీటి చాలును. ఆ చీటి లేని గుల్ల అలంకారమగునే గాని సాక్ష్యము కానేరదు; చీటి గలది, ఏరినవారి నెన్నడు చూడనివారికిని ఆ తీరమున నేయే ప్రాణులు బ్రతికినవో తెలుపగలదు.