కుక్క ముక్కు, మనిషి వార్ధక్యం: రెండు గ్రంథాల పరిశీలన

మలేరియా అనే మాటకు "చెడుగాలి" అని అర్థం. బురద నేలల దుర్గంధమే ఆ జ్వరానికి మూలమని పూర్వులు నమ్మినారు. 1880లో లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొనగా, 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దానిని దోమ జీర్ణాశయపు గోడలో చూచినారు. నేరం దుర్వాసనది కాదని, దోమదని తేలడానికి ఆ పరిశీలన దారి తీసింది. ఆ దోమ మాత్రం మన శ్వాసలోని బొగ్గుపులుసు వాయువును, చర్మపు వాసనను పసిగట్టియే మనను చేరుతుంది. వాసనను గూర్చి విని నమ్మినదానికీ, పరీక్షించి తెలుసుకొన్నదానికీ ఎంత అంతరం ఉన్నదో ఈ కథ చెబుతుంది. ఘ్రాణశక్తిని, వార్ధక్యాన్ని గూర్చిన రెండు ఆంగ్ల గ్రంథాలను ఈ గీటురాయి మీదనే పరిశీలింతము.

మొదటిది అలెగ్జాండ్రా హోరోవిట్జ్ రచించిన "ఇన్‌సైడ్ ఆఫ్ ఎ డాగ్" (2009). ఈమె న్యూయార్కులోని బార్నార్డ్ కళాశాలలో కుక్కల ప్రవర్తనను పరిశోధించే శాస్త్రజ్ఞురాలు. కుక్క మనిషివలె ఆలోచిస్తుందా అని అడగక, కుక్కకు ప్రపంచం ఎట్లా తోస్తుందని అడగడం ఈ గ్రంథంలోని విశేషం. కుక్క గాలిని విడిచేటప్పుడు అది ముక్కు ప్రక్కనున్న చీలికల గుండా పోతుంది. అందువల్ల ముందున్న వాసన చెదరిపోదు. పాతబడిన వాసన పలచనవుతుంది గనుక, ఎవరు ముందు వచ్చినారో, ఎవరు తరువాత వచ్చినారో కుక్క వాసనతోనే గ్రహించగలదు. ఇటువంటి విషయాలను రచయిత్రి పదవ తరగతి విద్యార్థికి కూడ అర్థమయ్యేటట్లు వివరించినారు.

అయితే ఒక ఉపమానాన్ని మాత్రం ఉపాధ్యాయులు జాగ్రత్తగా వాడవలెను. పది లక్షల గాలన్ల నీటిలో కలిపిన ఒక చెంచా పంచదారను కుక్క పసిగట్టగలదని ఈమె వ్రాసినారు. లెక్క వేసి చూడండి. పది లక్షల గాలన్లు సుమారు 38 లక్షల లీటర్లు. చెంచా పంచదార సుమారు 4 గ్రాములు. అంటే నూరు కోట్ల వంతులలో ఒక వంతు. ఘ్రాణశక్తి తీక్షణతను ఊహించడానికి ఈ అంకె పనికివస్తుంది. కాని పంచదార ఆవిరి కాదు. ఆవిరి కాని వస్తువుకు చెప్పుకోదగిన వాసన ఉండదు. పోలిక కొరకు చెప్పినదానిని విద్యార్థి ప్రయోగఫలితమని భ్రమపడే ప్రమాదం ఉన్నది.

కుక్క ముక్కును పొగడటంలో మనిషి ముక్కును మరీ చిన్నబుచ్చరాదు. మనలో పనిచేసే ఘ్రాణ గ్రాహక జన్యువులు సుమారు 400; కుక్కలో అంతకు ఇంచుమించు రెట్టింపు. మనిషికి ఘ్రాణశక్తి అల్పమనేది పందొమ్మిదవ శతాబ్దపు అపోహ అని జాన్ మెక్‌గాన్ 2017లో "సైన్స్" పత్రికలో వాదించినారు. ఈ గ్రంథం అంతకు ముందే వెలువడినది గనుక, ఆ సవరణను ఉపాధ్యాయుడే చేర్చి చెప్పవలెను.

రెండవది వెంకి రామకృష్ణన్ రచించిన "వై వుయ్ డై" (2024). చిదంబరంలో జన్మించిన ఈయన రైబోసోము నిర్మాణాన్ని గూర్చిన పరిశోధనకు 2009లో నోబెల్ బహుమానం పొందినారు. జన్యుపదార్థానికి కలిగే నష్టం, క్రోమోసోముల కొనలు అరిగిపోవడం, పాడయిన ప్రోటీనులు పోగుపడటం మొదలైన కారణాలను ఈయన వరుసగా వివరించినారు. పురుగులలోను, ఎలుకలలోను ఆయుర్దాయం పెరిగినంత మాత్రాన మనిషికీ పెరుగుతుందని చెప్పరాదని హెచ్చరించడం, ఆశలు అమ్ముకొనే వ్యాపారాలను నిష్కర్షగా విమర్శించడం ఈ గ్రంథానికి గల గొప్ప గుణాలు. అణుజీవశాస్త్రంతో పరిచయం లేని విద్యార్థికి మధ్య అధ్యాయాలు కష్టం. అచ్చట గురువు తోడు అవసరం.

జన్యుపదార్థం మీద చేరే రసాయనిక గుర్తులనుబట్టి వయస్సును అంచనా కట్టే పద్ధతిని ఈ గ్రంథం పరిచయం చేస్తుంది. కుక్క ఒక యేడు మనిషి ఏడేండ్లకు సమానమనే లోకోక్తిని పరీక్షించడానికి ఆ పద్ధతియే సాధనమయింది. 2020లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు లాబ్రడార్ కుక్కలను పరిశీలించి ఒక సూత్రం ఇచ్చినారు: కుక్క వయస్సుయొక్క సహజ సంవర్గమానాన్ని 16తో గుణించి 31 కలపవలెను. దాని ప్రకారం ఏడాది కుక్క 31 ఏండ్ల మనిషికి, నాలుగేండ్లది 53కు, పండ్రెండేండ్లది 71కి సమానం. ఏడు రెట్ల లెక్కలో ఇవి 7, 28, 84 కావలెను. ఏడాది కుక్క పిల్లలను కనగలదు, ఏడేండ్ల బాలిక కనలేదు గదా! అన్ని జాతులకు ఈ సూత్రం ఇట్లే వర్తిస్తుందని మాత్రం అనరాదు. అయినా గణితమూ జీవశాస్త్రమూ కలిపి చెప్పడానికి ఇది చక్కని పాఠం.

ఈ రెండు గ్రంథాలకూ ఒక లోపం సమానం. ముసలితనంలో మనిషి ఘ్రాణశక్తి ఏమవుతుందో చెప్పే ప్రత్యేక అధ్యాయం రెండింటిలోనూ లేదు. 1984లో అమెరికాలో రిచర్డ్ డాటీ బృందం 1,955 మందిని పరీక్షించగా, 65–80 ఏండ్లవారిలో సగానికి పైగాను, 80 దాటినవారిలో నాలుగింట మూడువంతులకు పైగాను ఘ్రాణశక్తి బాగా తగ్గినట్లు తేలింది. క్రమంగా తగ్గుతుంది గనుక చాలమందికి ఆ సంగతే తెలియదు. వంటగ్యాసుకు స్వతస్సిద్ధంగా వాసన లేదు. కారినప్పుడు తెలియడానికే అందులో ఈథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఒంటరిగా వంట చేసుకొనే అవ్వకు ఆ వాసన అందకపోతే ప్రమాదం. ఈ ఒక్క విషయం చెప్పి ఉంటే రెండు గ్రంథాలూ మన ఇండ్లకు మరింత దగ్గరయ్యేవి.

ఈ కొరతను పాఠశాల కొంతవరకు తీర్చవచ్చు. ఇంగువ, ధనియాలు, కాఫీపొడి, నిమ్మతొక్క, మల్లెపూలు సికింద్రాబాదు మోండా మార్కెట్టులోగాని, మరే ఊరి అంగడిలోగాని దొరుకుతాయి. వాటిని అయిదు డబ్బాలలో వేసి, కండ్లు మూసుకొన్నవారికి ఒక్కొక్కటే వాసన చూపి, ఎన్నింటిని గుర్తించినారో విద్యార్థులు వయస్సులవారీగా పట్టిక వ్రాయవలెను. జలుబుతో ఉన్నవారిని వేరుగా చూపవలెను. ఇది రోగనిర్ణయం కాదు. ఇంట్లో పెద్దలెవరయినా ఒక్కటి కూడ గుర్తించలేకపోతే వైద్యునికి చూపించి, ఆ వంటయింటిలో గ్యాసు గొట్టాన్ని ఇతరులు తరచు పరీక్షిస్తూ ఉండవలెను.

మొదటి గ్రంథాన్ని విద్యార్థులే చదువవచ్చు. రెండవదానిని ఉపాధ్యాయులు చదివి, సారం తరగతిలో చెప్పడం మేలు. ఈ రెండు విషయాలను కలిపి, మన ఇండ్ల ఉదాహరణలతో తెలుగులో ఒక చిన్న పుస్తకం వ్రాయగలవారు పూనుకొంటే పాఠశాలలకు ఎంతో ఉపకారమవుతుంది.