దశబంధపు టొడంబడికలు

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసి, అదియు నాలుగు జల్లులలోనే వచ్చి పోవు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలలో, చెరువు లేని యూరు నిలుచుట దుర్ఘటము. అయితే చెరువు కట్టుట యొక యెత్తు. ఏటేట చేరు పూడికను తీసి, కట్టకు గండి పడకుండ కాచి, తూమును మరువను చక్కపెట్టుచు దానిని తరతరములు నిలుపుట మరియొక యెత్తు. ఆ రెండవ భారమును ఎవరు మోయవలెను, ఎందులకు మోయవలెను అను ప్రశ్నకు మన పూర్వులు శాసనశిలలపై వ్రాసి పెట్టిన సమాధానమే దశబంధము.

చెరువును త్రవ్వించినవానికి గాని శిథిలమైనదానిని బాగుచేయించినవానికి గాని, దాని క్రింద క్రొత్తగా సాగునకు వచ్చిన మడిలో కొంత భాగమును పన్ను లేని మాన్యముగా విడుచుట ఈ ఒడంబడికలోని ప్రధానాంశము. పేరును బట్టి అది పదవవంతే యైనను, స్థలమును బట్టియు పని కష్టమును బట్టియు ఆ భాగము హెచ్చుచు తగ్గుచు నుండెను. ఇందలి నేర్పు గమనింపదగినది. కట్టినవానికి కూలి రొక్కముగా ముట్టక, చెరువు నిండిననే పండు నేలగా ముట్టును. నీరున్నంతకాలమే వాని మాన్యమునకు విలువ. కట్ట తెగినచో ఊరివారి మళ్లతో పాటు వాని మడియు ఎండును. కావున కాపలా పెట్టకయే స్వార్థము ధర్మమునకు కాపలా యగుచుండెను.

ఇట్టి పత్రముల రచనకు ఒక స్థిరమైన పద్ధతి కలదు. మొదట దేవతాస్తుతి, పిదప శకవర్షము, సంవత్సర మాస తిథి వారములు, ఏలుచున్న రాజు పేరు, ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, నేల కొలత, నాలుగు దిక్కుల ఎల్లలు, నిధి నిక్షేప జల పాషాణాదులగు అష్టభోగములు, ఆచంద్రార్కము వంశపారంపర్యముగా అనుభవింపవలెనను నిబంధన, తుదకు అపహరించువారికి శాపము. శాపశ్లోకములను ఛాందసములని త్రోసివేయరాదు. న్యాయస్థానము దూరమైన కాలమున, రాజ్యము మారినను మారని సాక్షులుగా సూర్యచంద్రులను నిలిపిన లౌకిక ప్రజ్ఞ అందు కలదు. దానము చేయుటకంటె ఒకరు చేసిన దానమును పాలించుటయే శ్రేయస్కరమని శాసనాంతమున తరచుగా కానవచ్చు భావము, దశబంధమునకు సూత్రము వంటిది.

చెరువుల విద్య ఈ సీమలో ఎంత పెరిగియుండెనో తెలుపు శాసనములును కలవు. శక 1310, అనగా క్రీ.శ. 1388 ప్రాంతమున, విజయనగర ప్రభువగు హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి ఏలుచు, హెన్నెనదిని, అనగా పెన్నేటిని, పెనుకొండకు తెమ్మని సింగయభట్టను ఆజ్ఞాపింపగా, జలసూత్రజ్ఞుడగు ఆతడు కల్లూడి నుండి సిరువేర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి ప్రభువు పేరు పెట్టెను. రాజుతో పాటు స్థపతి పేరును రాతికెక్కుట సామాన్య విషయము కాదు. అంతకు కొలది యేండ్లకు ముందు, 1369లో కడప సీమయందలి పోరుమామిళ్ల శాసనము, చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను లెక్కించి, వేయిమంది కూలివారును నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు తెలిపినది.

రాజుల యుద్ధములను చెప్పు ప్రశస్తులు మనకు తెలుపనిదానిని ఈ ఒడంబడికలు తెలుపుచున్నవి. ఎల్లలు చెప్పునపుడు పాత బాటలు, వాగులు, పుట్టలు బయటపడును. విడిచిన పన్నుల పట్టికలో వృత్తులు కానవచ్చును. అచ్యుతరాయల కాలమున విరూపణ్ణ పెంపొందించిన లేపాక్షి దేవాలయపు శాసనములలో పెక్కు కన్నడమున నుండుట, తెలుగు కన్నడములు ఒకే సీమలో కలసి మెలసియుండెననుటకు నిదర్శనము. తిరుపతిలోనైతే భక్తులిచ్చిన ధనముతో దేవస్థాన గ్రామములలో చెరువులు కాలువలు త్రవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యములు జరిపిరి. అచట దేవుని పేరిటి ధనము సేద్యమునకు పెట్టుబడి యయ్యెను.

1800లో నిజాము ఈ సీమను కుంపెనీకి దత్తము చేయగా, 1807 వరకు కలెక్టరుగా నున్న మన్రో కాలము నుండి దశబంధము సర్కారు లెక్కలలోనికి వచ్చెను. నిర్ణీతమైన నేలను విడిచినచో ఖండం దశబంధమనియు, ఆయకట్టు శిస్తులో ఒక భాగమును విడిచినచో షామిలాత్ దశబంధమనియు రెండు తెగలుగా దానిని వర్గీకరించిరి. మరమ్మతు మానినచో ఇనామును తిరిగి తీసికొను అధికారము సర్కారుకు కలదు గాని, వారసులు పెరిగి భూమి చీలినకొలది ఆ షరతును నెరవేర్పించుట కష్టమయ్యెను. 1876-78 నాటి ఘోరక్షామము పిదప, 1883లో మదరాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణకు ప్రత్యేక పథకమునే ఆరంభింపవలసివచ్చెను. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రైతుల నీటి సంఘములకు చట్టము చేసినపుడు కూడ, ప్రశ్న పాతదే: చెరువును నిలుపువానికి చెరువువలన ఏమి దక్కవలెను?

దశబంధము సమసమాజపు ఏర్పాటు కాదు; మాన్యము కలవానికి దక్కిన గౌరవము పూడిక మోసిన కూలివానికి దక్కలేదు. అయినను, ఫలమును బాధ్యతతో ముడివేయని యే ఏర్పాటును చెరువును నిలుపజాలదని అది నేర్పిన పాఠము నేటికిని చెల్లుచున్నది. ఊరి కట్టమీదనో గుడి ప్రాకారముననో అక్షరములున్న రాయి కంటబడినపుడు, దానికి సున్నము పూయక, దానిని మెట్టుగా వేయక, ఛాయాచిత్రము తీసి పురావస్తుశాఖవారికి తెలుపుట ఈ సీమ చదువరులు చేయదగిన కనీస ధర్మము.