లాగ్ వెనక మనుషులు

మాదాపూర్ ఆఫీసుల్లో కొత్త యాప్ విడుదలైతే చప్పట్లు మోగుతాయి. టీములన్నీ వాడుకునే లాగింగ్ ప్యాకేజీ రాసినవాళ్లను మాత్రం ఎవరూ తలుచుకోరు. నాకు వాళ్లంటే గొప్ప గౌరవం. అర్ధరాత్రి పేమెంట్లు ఆగిపోతే, ఒక్క రిక్వెస్ట్ ఐడీ పట్టుకుని పది సర్వీసుల్లో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోగలగడం వాళ్ల చలవే. లాగ్‌లోని ప్రతి లైనులో టైము ఒకే తీరులో, యూటీసీలో పడాలి. పాస్‌వర్డ్, ఆధార్ నంబరు పొరపాటున కూడా పడకూడదు. 1980లలో సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ కోసం ఎరిక్ ఆల్మన్ సిస్‌లాగ్ అనే లాగింగ్ వ్యవస్థను రాసిన నాటి నుంచీ ఈ పని తెర వెనకదే. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడ్డాకే ఆ లైబ్రరీ ఎన్నిచోట్ల ఉందో ప్రపంచానికి తెలిసొచ్చింది. ఇలాంటి ప్యాకేజీలు రాసేవాళ్లు వెర్షన్ నంబరు పెంచి, ఏం మారిందో వివరంగా రాసి, పాత కోడ్ ఆగిపోకుండా చూసుకుని, అప్పుడు కంపెనీ రిజిస్ట్రీలో పబ్లిష్ చేస్తారే, ఆ ఓపికంటే నాకు మరీ ఇష్టం.