నూరోవంతు కారేపల్లి

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వకాల హక్కు దక్కింది. ఖమ్మం అడవి అంచుకు రైలు పట్టాలు వచ్చింది ఆ బొగ్గు కోసమే. డోర్నకల్‌లో ప్రధాన మార్గం నుంచి విడివడిన శాఖ కారేపల్లి దాకా వచ్చి, ఒక పాయ ఇల్లందు వైపు, మరో పాయ కొత్తగూడెం వైపు చీలుతుంది. కొత్తగూడెం స్టేషన్ బోర్డు మీద ఉండే పేరు మాత్రం భద్రాచలం రోడ్. అక్కడ దిగిన యాత్రికుడు రోడ్డు మీద ఇంకా సుమారు 40 కిలోమీటర్లు పోయి, గోదావరి దాటితే గాని రామదర్శనం కాదు. పేరు రాముడిది, పని బొగ్గుది. ఇలాంటి దారిని ఎనిమిది అడుగుల బల్ల మీద నమూనాగా కట్టడం పైకి ఆటలా కనిపిస్తుంది. కొలతకు కట్టుబడి కడితే అది ఒక ప్రాంతాన్ని చదివే గట్టి పద్ధతి. తెలియని చోట రాసేవాడు ఒక వాక్యంతో దాటేయగలడు. కట్టేవాడికి ఆ వీలు లేదు. స్టేషన్ వెనక గోడకు తలుపులెన్నో తెలియకపోతే ఆ గోడ లేవదు.

మొదటి పరీక్ష కొలతలోనే ఎదురవుతుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ నమూనాలు అసలులో 87వ వంతు. వాటి పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది ఐరోపా, అమెరికాల 1435 మి.మీ. గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. కాబట్టి 87వ వంతులో అది 19 మి.మీ. దాటుతుంది. హెచ్‌ఓ కొలతలో చేసిన భారతీయ ఇంజన్‌ను మామూలు హెచ్‌ఓ పట్టాల మీద నిలబెడితే, ఒళ్లు వెడల్పు, కాళ్లు ఇరుకు అన్నట్టుంటుంది. అదే పట్టాల మీద బండ్లను నూరోవంతుకు కడితే 16.5 మి.మీ. అంటే 1650 మి.మీ.; తేడా నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు భవన నమూనాలకు తరచుగా వాడేదీ ఈ కొలతే కాబట్టి మనుషుల బొమ్మలు, చెట్లు, వాహనాలు ఆ సామాను అమ్మేచోట దొరుకుతాయి. నష్టం ఒకటుంది: ఇంజన్లు, పెట్టెలు ఈ కొలతలో సిద్ధంగా దొరకడం అరుదు, సొంతంగా చేసుకోవాలి. చిన్న శాఖా మార్గాన్ని ఎంచుకోమనడానికి మొదటి కారణం ఇదే. దానికి అవసరమయ్యే బండ్లు కొద్ది.

రెండో కారణం పొడవు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ సుమారు 10.7 మీటర్లు, అలాంటివి 58 కలిస్తే ఒక పూర్తి గూడ్సు. నూరోవంతులో కూడా అది ఆరు మీటర్లు దాటుతుంది, ఏ ఇంటి గదిలోనూ పట్టదు. ఎనిమిది వ్యాగన్లు, ముందు ఒక డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ పెడితే మీటరు పైచిలుకుతో సరిపోతుంది. రెండు వైపులా పాయింట్లు కలుపుకున్నా లూప్ లైన్ ఎనిమిది అడుగుల బల్ల మీద హాయిగా ఇముడుతుంది. మూడు పెట్టెల ప్యాసింజరు అంతకంటే పొట్టిది. ఇక నడక. నిండు వ్యాగన్లు డోర్నకల్ వైపు పోవాలి, ఖాళీలు గనుల వైపు రావాలి. నిండుగా వెళ్లిన బండి నిండుగానే తిరిగొస్తే లెక్క తప్పినట్టే. అందుకే బొగ్గును వ్యాగన్‌లో అంటించరు. స్పాంజి ముక్క మీద నలగ్గొట్టిన బొగ్గు పలుకులు అతికి, కింద ఇనుప రేకు బిగించి, తెర వెనక దాచిన లైన్ల దగ్గర అయస్కాంతంతో ఎత్తేస్తారు. ఈ మార్గం ఎవరికోసం పుట్టిందో ఆ ఒక్క పనిలో తెలుస్తుంది.

అడవిని కట్టేటప్పుడు ఋతువు ఎంచుకోక తప్పదు. టేకాకు అడుగు పొడవు ఉంటుంది. నూరోవంతులో అది మూడు మిల్లీమీటర్లు. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి చల్లితే మామిడో వేపో అనిపించవచ్చు గాని టేకు అనిపించదు. వేసవిలో ఆ చెట్టు ఆకు రాల్చి మోడై నిలుస్తుంది కాబట్టి, పాత మోటారు చుట్ల రాగి తీగ మెలిపెట్టి కొమ్మలు దించితే చాలు. వేసవిని ఎంచుకుంటే దానితోపాటు చాలా వస్తాయి: రాలిన ఇప్పపూలు, శ్రీరామనవమి యాత్రికులు, తునికాకు కల్లంలో యాభయ్యేసి ఆకుల కట్టలు ఆరబెట్టిన వరసలు. నేలకు అక్కడి ఎర్రమట్టినే జల్లెడ పట్టి వాడవచ్చు, ముందుగా అయస్కాంతం తిప్పి ఇనుప రేణువులు ఏరెయ్యాలి. లేకపోతే ఇంజన్ మోటారులోని అయస్కాంతమే వాటిని లాక్కుంటుంది. కొత్తగూడెం ఎండలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పెరిగితే ఎనిమిది అడుగుల పట్టా దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే వంకర పోతుంది.

వ్యాగన్ల తయారీలో బరువు కీలకం. అమెరికా నమూనాకారుల సంఘం హెచ్‌ఓకు సూచించిన సూత్రాన్ని వర్తింపజేస్తే 107 మి.మీ. వ్యాగన్‌కు దాదాపు 88 గ్రాములు రావాలి. తక్కువైతే వంపుల్లో పట్టా తప్పుతుంది. పెట్టెలకూ స్టేషన్‌కూ ప్లాస్టిక్ షీటే కావాలని లేదు. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి కర్ర తేలిక, మెత్తన, సన్నగా చెక్కవచ్చు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చే ఆ పనితనం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. రంగు విషయంలో కొత్తదనం పనికిరాదు. బొగ్గు వ్యాగన్‌ను టిప్లర్ మీద తిరగేసి ఖాళీ చేస్తారు కాబట్టి పక్కలు సొట్టలు పడతాయి, తుప్పు పడుతుంది. వాటిని గమనించి వేసిన వ్యాగన్ మీద శ్రమ ఆనవాళ్లు కనిపిస్తాయి.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అనే మాట ఉంది. ఇంజన్, పట్టాలు, పాయింట్లు ఖరీదైనవే. మిగతాది మట్టి, తీగ, కర్ర, ఓపిక. సంక్రాంతి కొలువులో మెట్ల కింద ఊరు, చెరువు, పొలం పేర్చే అలవాటున్న సమాజానికి సూక్ష్మ ప్రపంచం పరాయిది కాదు, కొలత క్రమశిక్షణే కొత్త. డ్రోన్లు, వీడియోలు ఉండగా ఇదెందుకు అనే ప్రశ్న అంతకంటే బలమైనది. కెమెరా ఉన్నదాన్ని పడుతుంది. పోయినదాన్ని అడిగి, కొలిచి, పోల్చి తిరిగి నిలబెట్టాలి. ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండు చేరిన రాయ్ ఇంగ్లండ్ అక్కడి పల్లెల్లో పాత ఇళ్లు రూపు కోల్పోవడం చూసి, వాటిని 76వ వంతులో కట్టడం మొదలుపెట్టాడు. అతను స్థాపించిన పెండన్ మ్యూజియం నేడు రెండు యుద్ధాల నడుమ నాటి ఒక ఆంగ్ల గ్రామసీమకు ఆధారం. పుణేలో 1998లో తెరుచుకున్న జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం మన దేశంలోనూ ఈ కళకు చూసేవాళ్లున్నారని చూపింది.

అసలు చిక్కు ఇంకొకటి. బొగ్గు కోసం అడవిని చీల్చిన దారిని ముద్దుగా కట్టిపెట్టడం చరిత్రకు పౌడరు రాయడం కాదా? కావచ్చు. స్టేషన్, రైలు, పచ్చదనం మాత్రమే కడితే అదే జరుగుతుంది. కోయగూడెం, కల్లం, కార్మికుల క్వార్టర్లు, దుమ్ము పట్టిన ఆకులు వదిలెయ్యడం కట్టేవాడి నిర్ణయమే, బల్ల మీద చోటు చాలక జరిగేది కాదు. కూలి రేటును, మూతపడ్డ గని వెనక మిగిలిన బతుకును ప్లాస్టర్‌తో చూపలేం. వాటికి పక్కన రాత ఉండాలి. అయితే నమూనాకు రాతకు లేని ఒక గుణం ఉంది: చదువు రానివారు కూడా దాన్ని తప్పు పట్టగలరు. రిటైరైన పాయింట్స్‌మన్ సిగ్నల్ తప్పుచోట ఉందంటాడు. ఆకు కోసిన మనిషి కట్టల వరస అలా ఉండదంటుంది. అలా తప్పు దొరికేంత నిర్దిష్టంగా కట్టి, దొరికినప్పుడల్లా పీకి మళ్లీ కడితేనే కారేపల్లి బొమ్మ కారేపల్లికి సాక్ష్యం అవుతుంది.