ఖాళీ కుర్చీలోని కథ

అధికారికి చేతుల కుర్చీ, గుమాస్తాకు చేతులు లేని కుర్చీ, బంట్రోతుకు ముక్కాలిపీట. ఈ క్రమమును మేము ఉద్యోగకాలమంతయు చూచితిమి. కనుక ఫ్రెంచి ప్రభువుల ఆసనములను గూర్చి చదివినపుడు మాకు నవ్వు వచ్చినది గాని వింత తోచలేదు.

వెర్సాయి కొలువున రాణి యెదుట డచెస్సు హోదా గల స్త్రీ, వీపును చేతులును లేని ‘తాబురే’ అను చిన్న పీటపై కూర్చుండవచ్చును. తక్కువ హోదా వారు నిలువవలసినదే. ఆ పీటకై గొప్ప కుటుంబములు తగవులాడుకొనెడివి.

ఆసనమే హోదా అయినపుడు దాని తొడుగును అందుకు తగినట్లుండవలెను గదా! అట్టి తొడుగులలో మిన్నయైనది టాపెస్ట్రీ అను చిత్రపు నేత. ఇది అద్దకము కాదు, కుట్టుపని కాదు. రంగుల పేకనూలుతో బొమ్మయే బట్టగా నేయబడును. పదునాలుగవ లూయీ మంత్రి కోల్బేరు పూనికతో 1662లో పారిసున గోబెలిన్, 1664లో బోవే కర్మశాలలు రాజాశ్రయమున వెలసినవి.

1734లో బోవే కర్మశాలకు అధిపతియైన ఊద్రీ జంతువులను చిత్రించుటలో దిట్ట. లా ఫొంటేను నీతికథలకు అతడు 276 చిత్రములు గీసెను. ఆ కథలలోని నక్కలు, తోడేళ్లు కుర్చీలపైకి వచ్చినవి. ఆ కథలలో కొన్ని మనవే. తన రెండవ సంపుటమునకు భారతీయుడైన పిల్పాయి పండితునకు ఋణపడితినని లా ఫొంటేను 1678లో చెప్పుకొనెను. మన పంచతంత్రమున హంసలు మోసిన తాబేలును అచట బాతులు మోసినవి.

ఈ పనితనమును మెచ్చుచునే ఒక లోపమును చెప్పక తప్పదు. సాధారణముగా మనుష్యుల బొమ్మలు కుర్చీ వీపునను, నీతికథలు కూర్చుండు చోటునను నేయబడినవి. ప్రభువు కూర్చుండగనే కథ మాయమగును. సింహపు కొలువులోని ముఖస్తుతిని ఎగతాళి చేసిన కవి మాటపై ముఖస్తుతి చేయువారే ఆసీనులైరి! నేతగాని గతియు ఇట్టిదే. అతడు బట్ట వెనుక వైపున కూర్చుండి నేయును గనుక, నేయునపుడు బొమ్మ ముఖము అతనికి ఎదుట నుండదు. నేసినవాడు వెనుక నుండెను, కూర్చున్నవాడు పైన నుండెను. నీతి నడుమ చిక్కుకొనెను.

విప్లవము వచ్చినది. 1793లో వెర్సాయి సామగ్రి వేలమునకు వచ్చినది. నాటి టాపెస్ట్రీ కుర్చీలు కొన్ని నేడు ప్రదర్శనశాలలలో నున్నవి. వానిపై ఎంతటివారును కూర్చుండరాదు. అందువలననే కథ కనబడుచున్నది.