సంపూర్ణం – దేనిలో?

'గణితం అసంపూర్ణమని గోడెల్ రుజువు చేశాడు' అనే వాక్యం జనరంజక విజ్ఞాన రచనల్లో తరచు కనిపిస్తుంది. ఏది, ఏ విషయంలో అసంపూర్ణమో చెప్పని ఈ వాక్యాన్ని మేము అంగీకరించలేము. గణితంలో 'సంపూర్ణం' అన్న మాటకు అర్థం ఒక్కటి కాదు.

మొదట సంఖ్యల సంగతి చూద్దాం. 1.4, 1.41, 1.414 అంటూ సాగే అనుక్రమంలోని సంఖ్యలన్నీ అకరణీయాలే. పోనుపోను అవి ఒకదానికొకటి దగ్గరవుతాయి. కాని వాటి అవధి అయిన 2 వర్గమూలం అకరణీయ సంఖ్య కాదు. అక్కడ ఖాళీ ఉంది కనుక అకరణీయ సంఖ్యలు అసంపూర్ణం. 1872లో డెడెకిండ్ ఇటువంటి ఖాళీలను పూరించి వాస్తవ సంఖ్యలను నిర్మించే పద్ధతిని వివరించాడు. వాస్తవ సంఖ్యలు సంపూర్ణం.

తర్కంలో ప్రశ్న వేరు. ఒక స్వీకృతాల వ్యవస్థ తన భాషలోని ప్రతి ప్రవచనాన్నీ నిరూపించడమో ఖండించడమో చేయగలిగితే అది సంపూర్ణం. అంకగణితానికి చాలినంత శక్తి ఉండి, ఏది స్వీకృతమో యాంత్రికంగా గుర్తించే వీలుండి, వైరుధ్యం లేని ఏ వ్యవస్థా ఈ అర్థంలో సంపూర్ణం కాజాలదని 1931లో గోడెల్ చూపాడు. అంతకు ముందు 1929లో ఆయనే, ప్రథమ క్రమ తర్కంలో అన్ని సందర్భాల్లోనూ నిజమయ్యే ప్రతి ప్రవచనానికీ నిరూపణ ఉందని రుజువు చేశాడు. దానికీ సంపూర్ణతా సిద్ధాంతమనే పేరు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. ఒకటి తర్క నియమాల శక్తిని చెబుతుంది, మరొకటి స్వీకృతాల పరిమితిని చెబుతుంది.

ఈ తేడా పూర్ణ సంఖ్యల దగ్గర స్పష్టపడుతుంది. వాటిలో ఒకదానికొకటి ఎంతకైనా దగ్గరయ్యే అనుక్రమం చివరికి ఒకే సంఖ్య వద్ద స్థిరపడుతుంది. ఖాళీ లేదు కనుక అవి సంపూర్ణం. కాని వాటి కూడికలకు, గుణకారాలకు పై షరతులతో రాసిన ఏ స్వీకృతాల వ్యవస్థ అయినా అసంపూర్ణమే. అకరణీయాల విషయం దీనికి తలకిందులు. వాటిలో ఖాళీలున్నాయి. అయినా మొదలూ తుదీ లేకుండా, ఏ రెండింటి మధ్యనైనా మరొకటి ఉండే వాటి వరుస క్రమాన్ని మాత్రమే వర్ణించే స్వీకృతాలు సంపూర్ణం.

బయటి రాష్ట్రాల్లో గణితాన్ని ఆంగ్లంలో చదివి తెలుగులో ఆలోచించే విద్యార్థులు ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క కొత్త మాట కల్పించనక్కరలేదు. 'అవధులలో సంపూర్ణం', 'నిరూపణలలో సంపూర్ణం' అంటే విషయం తేటపడుతుంది. ఆ పనికి మన 'లో' ప్రత్యయం చాలు.