చేల మీదుగా పోయే దారి

రాయలసీమలోని పగిడ్యాలలో బస్సు దిగి ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లోనే తారు రోడ్డు వెనకబడుతుంది. ఉత్తరంగా ముచ్చుమర్రి వైపు పోతే శ్రీశైలం జలాశయపు వెనుక నీళ్లు తగులుతాయి. దక్షిణంగా మిడుతూరు వైపు సాగితే రోళ్లపాడు గడ్డినేలలు. తూర్పున ఆత్మకూరు దాటితే నల్లమల. ఈ మూడింటి నడుమ శనగ, జొన్న, పత్తి, మొక్కజొన్న చేలు. చేలకు పట్టాదారులున్నారు, పాసుపుస్తకాలున్నాయి. అయినా గొర్రెల కాపరులు, కూలికి పోయే ఆడవాళ్లు, పక్కూరి దేవరకు పోయే చుట్టాలు, మల్లన్నకు మొక్కుకున్నవాళ్లు ఆ చేల మీదుగానే నడుస్తారు. ఎదురైన రైతు "యా ఊరు?" అని అడుగుతాడు. ఊరి పేరు చెబితే దగ్గరి దారి చూపిస్తాడు. ఎందుకొచ్చినావని మాత్రం అడగడు.

ఈ మర్యాదను మనం ఎన్నడూ ఆస్తిగా లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టుకున్న దేశాలున్నాయి. స్వీడన్‌లో ఎవరి భూమి మీదనైనా, పైరు తొక్కకుండా, ఇంటి ముంగిలి దగ్గరికి పోకుండా నడిచే హక్కు జనానికుంది. 1994లో దాన్ని రాజ్యాంగంలోకి కూడా ఎక్కించారు. నార్వే 1957లోనే చట్టం చేసుకుంది, స్కాట్లండ్ 2003లో. ఇంగ్లండ్‌లో 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందలమంది కార్మికులు భూస్వామి కాపలావాళ్లను తోసుకుంటూ నడిచారు. అయిదుగురు జైలుకు పోయారు. గుట్టలు, బీళ్లు, పచ్చిక మైదానాల మీద నడిచే హక్కు అక్కడి జనానికి చట్టంగా దక్కడానికి 2000 దాకా పట్టింది. మన దగ్గర ఆ హక్కు కోసం ఎవరూ జైలుకు పోలేదు. వాడుకలోనే ఉండింది గనక, పోతుందన్న భయం ఎవరికీ కలగలేదు.

మనకు అట్లాంటి చట్టం లేదు. దేశమంతా తిరిగే స్వేచ్ఛను రాజ్యాంగం ఇచ్చింది గానీ, ఆ స్వేచ్ఛ ఇంకొకరి చేనులోకి దిగడానికి అనుమతి కాదు. ఉన్నదల్లా పాత రికార్డు, పాత చట్టం, పాత అలవాటు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి సర్వే పటాల్లో బండ్ల రస్తాలు, దొంకలు, వంకలు పోరంబోకుగా ఎక్కాయి. అవి ఎవరి సొంతమూ కావు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒక దారిని 20 ఏళ్లు బహిరంగంగా, అడ్డులేకుండా, హక్కుగా వాడుకుంటే ఆ హక్కు నిలుస్తుంది. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. ఇక అలవాటు సంగతి. కోతలైన తరువాత చేను తెరుచుకుంటుంది. శనగ పీకి, జొన్న కోసి, కుప్పలు ఇల్లు చేరినాక తొలకరి దాకా ఆ నేల మీద గొర్రెలు తిరుగుతాయి, వాటి వెంట మనుషులు తిరుగుతారు. రైతుకు ఇందులో నష్టం లేదు. మంద రెండు రాత్రులు చేనులో పడుకుంటే ఎరువు పడుతుంది, దానికోసం కాపరికి ఎదురు డబ్బో గింజలో ఇచ్చి మరీ మందను నిలుపుకుంటాడు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఈ సీమలో సగం నేల నడిచేవాళ్లదే.

అయితే నడవడానికి తెలివి కావాలి. పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పకుండానే వస్తుంది, పట్నం నుంచి వచ్చినవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. గట్టు మీద ఒకరి వెనుక ఒకరే నడవాలి. పక్కపక్కన నడిస్తే గట్టు అంచులు జారతాయి, తరువాతి తడికి నీళ్లు పక్క చేనులోకి పోతాయి, ఆ తగాదా రెండు ఇళ్లను ఏళ్ల తరబడి విడదీస్తుంది. మందు కొట్టిన పత్తి చేను వాసనకే తెలుస్తుంది, అందులో దిగకూడదు. దారికి అడ్డంగా తుమ్మకంప లాగి ఉంటే రావద్దనే అర్థం ఎప్పుడూ కాదు. పశువులు రాకుండా పెట్టిందే ఎక్కువ. కంపను కర్రతో పక్కకు తీసి, దాటి, వెనక్కి తిరిగి ఉన్నది ఉన్నట్టు పెట్టి పోవాలి. ఇంగ్లండ్ పల్లెల్లో గేటు వేసి పోవడం ఎంత ముఖ్యమైన నియమమో ఇక్కడ కంప వేసి పోవడం అంతే ముఖ్యం.

పచ్చి శనగకాయలు పట్టినప్పుడు చేను పక్కన పోయే మనిషి ఒకటి రెండు చెట్లు పీక్కుని తింటే ఏ రైతూ ఏమీ అనడు. సంచిలో వేసుకుంటే మాత్రం దొంగతనమే. చేతికి, సంచికి నడుమ ఉన్న ఆ హద్దు ఏ కాగితం మీదా లేదు, కానీ దాన్ని ఎరగని పిల్లవాడు ఈ ఊళ్లలో ఉండడు. తెల్లవారుజామున శనగ చేనులో నడవకపోవడం ఇంకో తెలివి. ఆకు మీది పులుసు మంచుకు తడిసి కాళ్లకు అంటితే మంట పెడుతుంది, చెప్పుల తోలునూ పాడుచేస్తుంది. ఎండ ఎక్కి ఆకు ఆరేదాకా రస్తా మీదే ఉండాలి.

నల్లరేగడి సంగతి వేరే చెప్పాలి. వాన పడిన రోజు అది చెప్పులకు పొరలు పొరలుగా అతుక్కుని పది అడుగులకే కాలు లేవనీయదు. అప్పుడు చెప్పులు చేతికి తీసుకుని, గడ్డి మొలిచిన అంచు చూసుకుని నడవడమే దారి. వేసవిలో అదే నేల నెర్రెలు బారుతుంది, కొన్ని నెర్రెల్లో పాదం దిగబడుతుంది. అందుకే చేతికర్ర. కర్ర ముందు పడాలి, కాలు తరువాత పడాలి. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడుకునే పాము. కర్ర చప్పుడు, అడుగు బరువు దానికి మన రాకను ముందే చెబుతాయి. గొర్రెల మంద కనిపిస్తే దూరం నుంచే "ఓ అన్నా" అని కేక వేయాలి. కాపరి కుక్కలను అదిలిస్తాడు, మనమూ పరాయివాళ్లం కాకుండా పోతాం. నీళ్లకు బోరు దగ్గర అడిగి తాగాలి. వంక ఎండిపోయినా ఇసుకలో చెలమ తీస్తే నీరు ఊరే చోటు కాపరికి తెలిసి ఉంటుంది.

ముచ్చుమర్రి వైపు నడక వీటన్నిటికంటే వేరు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. 1981 ప్రాంతంలో నీళ్లు నిలిచినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల కృష్ణా తీరపు ఊళ్లు వరుసగా మునిగాయి. మునిగిన కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో కోసం ఆ ఇళ్ల పిల్లలు దశాబ్దాలు తిరిగారు. వేసవిలో నీరు దిగేకొద్దీ ఆ నేల మళ్లీ బయటపడుతుంది. కూలిన గోడల పునాదులు, పాత రస్తాల ఆనవాళ్లు, ఎండు మొద్దులు. మట్టం ఇంకా దిగేకొద్దీ కొత్తపల్లి మండలంలోని సంగమేశ్వరాలయం శిఖరం నుంచి కిందికి కొంచెం కొంచెంగా తేలుతుంది. ఏడు నదులు కలిసే చోటని పేరున్న ఆ గుడిలో వేపమొద్దు శివలింగం ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్లలోనే ఉంటుంది.

నీరు దిగిన నేల మీద నడవడంలో ప్రమాదం పైపెచ్చులో ఉంది. ఎండి పగిలినట్టు కనిపించే ఒండ్రు కింద మెత్తటి బురద నిలిచి ఉంటుంది. పశువుల అడుగులు గట్టిగా పడిన చోటే మనమూ అడుగు వేయాలి; అడుగుజాడ లేని నున్నటి నేల ఎంత అందంగా ఉన్నా దిగకూడదు. పాత ఊళ్లలో బావులు కూడా మునిగాయన్నది గుర్తుంచుకోవాలి. ఆ నేలలో విత్తనం వేసినవాళ్లుంటారు. వాళ్లలో కొందరు ఆ చేనుకు ఒకప్పటి యజమానులు, పరిహారం పుచ్చుకుని పైకి పోయి, నీరు దిగగానే తమ పాత హద్దులు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. వాళ్లను పలకరించకుండా అక్కడ నడవడం తప్పని నా ఉద్దేశం. ఇక్కడ ఎవరి ఇల్లు ఉండేదో, గుడి ముందు రచ్చకట్ట ఎటు ఉండేదో వాళ్లు చూపిస్తే తప్ప ఆ నడకకు అర్థం లేదు.

రోళ్లపాడులో మాత్రం తిరిగే హక్కు కొంత తగ్గించుకోవాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. ఆ పక్షి ఒకే గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేల మీద. మనిషి అడుగుకు, మేక డెక్కకు అది కనబడదు. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి, గడ్డినేల కుంచించుకుపోయింది, పిట్ట కనబడటమే మానేసింది. కృష్ణజింకలు, తోడేళ్లు ఇంకా ఉన్న ఆ నేల మీద అటవీశాఖ చెప్పిన దారి తప్పకపోవడమే మర్యాద.

నల్లమల దారి ఈ సీమ నడకలన్నిటికీ పెద్దది. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట 40 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం చూసుకుని ఆత్మకూరు వచ్చి ఈ బాటలోనే కొండెక్కాడు. అప్పటికి ఈ సీమ కందనూరు (కర్నూలు) నవాబుది. శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు సుంకం వసూలు చేసిన సంగతి వీరాస్వామయ్య తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. నవాబు ఏలుబడి 1839లో పోయింది, సుంకమూ పోయింది. ఇవాళ ఆ అడవి పులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి మాత్రమే అటవీశాఖ బాట తెరుస్తుంది.

ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వచ్చేవాళ్ల నడక చూడాలంటే నందికొట్కూరు రోడ్డు మీద నిలబడితే చాలు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, సారె మోసుకుని వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. కొందరు కర్రకాళ్ల మీద వస్తారు. ఎండలో నడవరు, తెల్లారకముందే లేచి, ఎండ ముదిరేసరికి ఏ వేపచెట్టు కిందో ఆగి, చల్లబడినాక మళ్లీ కదులుతారు. దారిపొడవునా ఊళ్లవాళ్లు మజ్జిగ, అంబలి, అన్నం పెడతారు, బొబ్బలెక్కిన కాళ్లకు నూనె రాస్తారు. పెట్టేవాళ్లకు కన్నడం రాదు, తినేవాళ్లకు తెలుగు రాదు. ఎవరి కళ్లంలోనైనా పడుకోవచ్చు. ఏ చట్టాన్నీ ఇంత ఉదారంగా రాయలేరు.

ఆళ్లగడ్డ వైపు ఇదే ఔదార్యం దేవుడి పేరుతో ఏటా తిరుగుతుంది. కనుమ నాడు అహోబిలం నుంచి జ్వాలానరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి పల్లకి పారువేటకు బయలుదేరుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి తన పెళ్లికి అందరినీ స్వయంగా పిలవడానికి వస్తాడని నమ్మకం. బయలుదేరే నాడు చెంచులు పల్లకి వైపు బాణాలు వేసి గౌరవం తెలుపుతారు. తరువాత దాదాపు నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్లు. ఏ ఊళ్లో ఏ రోజు ఆగాలో, పల్లకి ఎవరు మోయాలో తరతరాలుగా ఖరారై ఉంది. బోయీలు అడుగు కలిపి నడిచే తీరు చూడాలి. ముందువాళ్లు గుంతో రాయో వస్తే గొంతుతో హెచ్చరిస్తారు, వెనుకవాళ్లు కాళ్ల కింద చూడకుండానే అడుగు సర్దుకుంటారు. పల్లకి పోయే దారి ఏటా తెరిచి ఉండాలి గనక ఆ దారులు మిగిలాయి. ఈ ఉత్సవం చేసే మేళ్లలో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను.

పల్లకి రాని దారుల పరిస్థితి వేరు. ట్రాక్టర్లు వచ్చినాక ఎద్దులబండ్లు తగ్గాయి, మోటారుసైకిళ్లు వచ్చినాక పక్కూరికి నడిచేవాళ్లు తగ్గారు. అడుగు పడని దొంకలో రెండేళ్లకు సర్కారుతుమ్మ నిండుతుంది. నాలుగో ఏడు పక్క రైతు తుమ్మ కొట్టి ఒక సాలు లోపలికి దున్నుతాడు, అవతలి రైతూ అదే చేస్తాడు. పదేళ్లకు దొంక పటంలోనే మిగులుతుంది. ఆ లోపలెక్కడో చేనున్న చిన్న రైతు తన పంట బయటికి తెచ్చుకోవడానికి ఎవరి కాళ్లో పట్టుకోవాలి, శవాన్ని మోసుకుపోవడానికి కూడా దారి అడుక్కోవాలి. ఊళ్లో అత్యంత పేదవాడికి ముందుగా తగిలే దెబ్బ ఇది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. పట్టాదారు తన హద్దు కోసం రాయి దగ్గర నిలబడతాడు. దొంక తరఫున నిలబడేవాళ్లు ఎవరు?

పూర్వం ఊరే నిలబడేది. దేవర నాడు రాత్రి పొలి చల్లుతూ పొలిమేర చుట్టూ తిరిగే ఆచారం సీమ ఊళ్లలో ఉంది. దాని వల్ల ఏ రాయి ఎక్కడుందో, ఏ వంక ఎవరి హద్దో మగవాళ్లకు చీకట్లో కూడా తెలిసి ఉండేది. ఇప్పుడు ఆ పని పగటిపూట, ఆడపిల్లలతో సహా చేయొచ్చు. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉన్నాడు, ఊరి పటం ఉంది. సంక్రాంతి సెలవులు అయిన వెంటనే, శనగ పీకే రోజుల్లో, బడిపిల్లలు ఒక ముసలి కాపరిని ముందు పెట్టుకుని పటంలోని ప్రతి దొంకా నడిచి, మూసుకుపోయిన చోట గుర్తు పెట్టుకొస్తే ఆ కాగితాన్ని జనవరి 26 గ్రామసభలో పెట్టొచ్చు. పగిడ్యాల నుంచి ముచ్చుమర్రి దాకా అయితే ఒక పూట పని.